ముక్కు ఒప్పుకోని మనిషి

ఎండబెట్టిన నెత్తళ్ళ మీదుగా డ్రోన్ మళ్ళీ తిరిగింది. సువర్చల తలెత్తలేదు. మొదట్లో అయితే పరిగెత్తి ఏ పడవ కిందో దూరేది. ఇప్పుడా ఓపిక కూడా లేదు. ఇసుకలో కూచుని చేపలు తిరగేస్తూనే ఉంది.

డ్రోన్‌కి తగిలించిన యంత్రాన్ని జనం ముక్కు అంటారు. దాన్ని తయారుచేసింది ఆమే, కొండచరియలు విరిగిపడితే మట్టి కింద మనుషుల్ని వెతకడానికి. ఎవరి చెమట వాసన వాళ్ళది. ఒంటి మీది బాక్టీరియా, తినే తిండి, కట్టే బట్ట కలిసి ఆ వాసనని తయారుచేస్తాయి. ముక్కులోని సెన్సర్లు దాన్ని కొలిచి ఇది ఫలానా మనిషి అని చెబుతాయి. ప్రభుత్వానికి ఆ 'ఫలానా' నచ్చింది. తీరంలో కట్టబోయే పోర్టు వద్దని ఎదురుతిరిగినవాళ్ళ వాసనలన్నీ అందులోకి ఎక్కించమంది. ఆమె ఎక్కించకపోగా, అప్పటికే ఉన్నవి చెరిపేసి పారిపోయింది. దాంతో ఆమె బీరువాలోని చీరలు తీసి ఆమె వాసనే ఎక్కించారు.

ఊళ్ళు మారి మారి చివరికి ఈ జాలరిపేటలో పోలమ్మ ఇంట్లో తేలింది. పోలమ్మ ఏమీ అడక్కుండా తన చీర ఇచ్చింది. ముక్కుని ఏమార్చాలంటే తిండి మారాలి. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని సువర్చల నెత్తళ్ళు తిని కక్కుకుంటుంటే, నీళ్ళోసుకున్నావేటప్పా అని పోలమ్మ ఆటపట్టించింది.

ఆ రోజుల్లోనే పోలమ్మ చేప మానేసింది. ఈమె క్షేమంగా గట్టెక్కాలని గంగమ్మకి మొక్కుకుందట. తినేది సువర్చల వండే పప్పూ నెయ్యీ. కట్టేది సువర్చల వెంట తెచ్చుకున్న చీరలు, మంచి బట్ట పారేయడమెందుకని. ఇదెక్కడికి దారి తీస్తుందో సువర్చలకి తెలియాల్సింది. అలిసిపోయిన బుర్రకి తట్టలేదు.

డ్రోన్ కిందికి దిగి, పక్కనే చేపలు ఏరుతున్న పోలమ్మ నెత్తిన ఆగి, మనిషి దొరికిందన్నట్టు ఎర్రగా వెలిగింది. వెనకే వచ్చిన జీపులోంచి దిగిన ఎస్సై, డాక్టర్ సువర్చల మీరేనా అని అడిగాడు. పోలమ్మ ఒకసారి సువర్చల కేసి చూసింది.

"అవునండి. నానే."

సువర్చల మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"ఆవిణ్ణి వదిలెయ్యండి. సువర్చలని నేను. ఆ యంత్రం చేసింది నేనే."

ఎస్సై తన చేతిలోని చిన్న ముక్కుని ఆమె భుజం దగ్గర పెట్టాడు. పచ్చలైటు వెలిగింది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పచ్చే. వేలిముద్రలు తీసుకోమని బతిమాలింది. కోర్టులు ఇప్పుడు ముక్కు మాట తప్ప వినడం లేదని అతను ఓపిగ్గానే చెప్పాడు.

"మనుషులు అబద్ధమాడతారు గానీ యంత్రం ఆడదు కదమ్మా. పోయి నీ పని చూసుకో."

జీపెక్కుతూ పోలమ్మ వెనక్కి తిరిగింది. "అప్పా, పొయ్యి మీద కూడుంది. తినేసి తొంగో. నీ కళ్ళు పీక్కుపోనాయి."

అప్పటినుంచి సువర్చల రోజూ స్టేషన్‌కి వెళ్తోంది. తనని అరెస్టు చేసి పోలమ్మని వదలమంటుంది. వాళ్ళు ముక్కు పెట్టి చూసి పంపేస్తారు. ఆమె చేప మానేసింది. పప్పూ నెయ్యీ తింటూ తన పాత వాసన కోసం ఎదురుచూస్తోంది.

నిన్న కానిస్టేబుల్ ముక్కు పెట్టి, లైటు కాస్త పసుపుకి తిరిగిందమ్మా అన్నాడు.

ఆ మాట విని ఆమె అక్కడే, స్టేషన్ బెంచీ మీద ఒరిగి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.