రెండు పక్కలా ఒకే పేరు

ఠంగ్!

స్టీలు పళ్ళెం మీద గరిటె దెబ్బ. ఆ వెంటనే నిశ్శబ్దం. మళ్ళీ ఠంగ్!

గంజి కలుపుతున్న గౌరీశ్వరి చెయ్యి ఆగిపోయింది. పెరట్లో భర్త గోపాలరావు కుక్కపిల్లల వెనక నిలబడి పళ్ళెం మోగిస్తున్నాడు. అయిదు వారాలు నిండిన పిల్లలకు చెవులు వినిపిస్తున్నాయో లేదో చూసే పరీక్ష అది. తల తిప్పిన పిల్లకు ఒక్క దెబ్బ చాలు. ఇప్పుడు ఒకేచోట నాలుగు పడ్డాయి. అయిదోది మరీ గట్టిగా మోగింది. తరవాత పళ్ళెం మూగబోయింది.

"తవిటయ్యా, గోనెసంచీ తే," అని భర్త పాలేరుతో అన్న మాట వినిపించింది.

ఉద్దానంలో ఆయన్ని జీడితోటల గోపాలరావు అనేవాళ్ళకంటే మచ్చల కుక్కల గోపాలరావు అనేవాళ్ళే ఎక్కువ. ముప్ఫై ఏళ్ళ కిందట కలకత్తాలో డాల్మేషియన్ అనే మచ్చల జాతి కుక్కను చూసి మనసు పారేసుకున్నాడు. అప్పటినుంచి కుక్కల అందాల పోటీలకని పలాసలో రైలెక్కడం, గార్డు పెట్టెలోని కుక్కల అరలో వాటిని ఎక్కించడం, ఆగిన ప్రతి స్టేషనులోనూ దిగి నీళ్ళు పట్టించడం. ఆమె తొలికాన్పు నొప్పులు పడుతున్న రోజున కూడా ఆయన పోటీ బరిలోనే ఉన్నాడు.

ఆ కాన్పులో పుట్టినవాడికి ఇప్పుడు ఇరవయ్యారేళ్ళు. పుట్టుచెవుడు, దానివల్ల మాటా రాలేదు. ఈనిన కుక్క పక్కన చాప వేసుకుని పడుకునేదీ, పిల్లల కళ్ళు తుడిచేదీ, పాలు పట్టేదీ వాడే.

చెవిటి కుక్కపిల్ల తన పేరు మీద గడప దాటకూడదన్నది గోపాలరావు నియమం. పరీక్ష పెట్టే రోజున కొడుకును ఏదో పని మీద బయటికి పంపేవాడు. వాడు తిరిగొచ్చేసరికి ఒక పిల్ల తగ్గి ఉండేది. జబ్బు చేసి పోయిందని సైగ చేసేవారు. ఆ సైగ చేసింది ప్రతిసారీ గౌరీశ్వరే.

ఆమె పెరట్లోకి వచ్చింది. భర్త అరచేతుల్లో తెల్లటి పిల్ల నిద్రపోతోంది. ఒంటినిండా వేలిముద్ర అద్దినట్టు గుండ్రటి మచ్చలు.

"ఏడింట్లో ఇదే పోటీకి నిలబడేది," అన్నాడాయన. "ఏటి సేత్తాను? ఇనపడదు."

"ఎవరికైనా ఊరికే ఇచ్చీ, మావా."

"ఇచ్చేత్తే ఎవడో దీన్ని ఈనిస్తాడు. గోపాలరావు సెవిటి కుక్కల్ని అంటగడతన్నాడని ఊరూరా సెప్పుకుంటారు. మజ్జాన్నానికి ఇచ్ఛాపురం నుంచి పిల్లల్ని సూడ్డానికొస్తన్నారు. వాళ్ళ కళ్ళ పడకూడదు."

"గొయ్యి తీసుంచినాను బాబూ," అన్నాడు తవిటయ్య, తల వంచుకుని. "ఈ కుక్కలకెట్టిన గుడ్లు నాకెట్టుంటే ఇంకో నాలుగు గోతులు తీసీవోణ్ణి. ఇలాటి గోతులు మాత్రం ఒద్దు బాబూ, సెయ్యాడదు."

గేటు కిర్రుమంది. అక్కుపల్లికి చేపల కోసం పంపిన కొడుకు ఖాళీ బుట్టతో నిలబడి ఉన్నాడు. సముద్రం పోటు మీదుంది. పడవలు దిగలేదు.

వాడు పారను చూశాడు. గోనెను చూశాడు. బుట్ట దించి, తండ్రి చేతుల్లోంచి పిల్లను తీసుకున్నాడు. దాని చెవిని ముట్టుకున్నాడు. తన చెవిని ముట్టుకున్నాడు. ఆపైన వేలు చాచి గోనెను చూపించాడు.

"ఏటంతన్నాడు?" అన్నాడు గోపాలరావు.

"తెలీనట్టు అడుగుతావేటి? తనకి కూడా అందులో సోటుందా అంతన్నాడు."

"ఛ! కుక్కకీ మనిషికీ పోలికేటి?"

గౌరీశ్వరి లోపలికి వెళ్ళి గోడమీద పటం కట్టి ఉన్న కుక్కల వంశపట్టిక తెచ్చి ఆయన ముందు నిలబెట్టింది. "దీని తండ్రికి తండ్రి ఎవరు?"

"నవాబు."

"తల్లికి తాత?"

ఆయన పటం మీదనుంచి చూపు తిప్పుకున్నాడు.

"ఆడూ నవాబే. మచ్చలు నిలబడాలని నువ్వే ఆ రక్తం మళ్ళీ కలిపినావు. దానికే సెవుడొచ్చిందని పోయినేడు పశువుల డాట్రు నీతో అంటే తలుపెనక నిలబడి విన్నాను. నేను నీ అక్క కూతుర్ని. నీ అయ్యే నాకు తాత. మన పట్టిక రాస్తే రెండు పక్కలా ఒకే పేరు కాదా, మావా? ఇరవయ్యారేళ్ళు మీ అమ్మ నాది పాపిష్టి కడుపంది. నువ్వు అవునన్లేదు, కాదన్లేదు."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "డాట్రు సెప్పిన్నాడే తెలిసింది, గౌరీ. నీకు సెప్పాల్సింది. సిగ్గేసింది."

"బారసాలనాడు బియ్యంలో రాసి, ఆడి సెవిలో పేరు సెప్పినావు. ఇనపడదని తెలిశాక ఒక్కసారైనా ఆ పేరెట్టి పిలిచినావా? నేల తన్ని పిలుస్తావు. రాయి విసిరి పిలుస్తావు. నిన్ను సూసి నేనూ మానేసినాను. మన పాపం సమానమే."

అప్పుడు చూశారు. గేటు తెరిచి ఉంది. కొడుకు లేడు, కుక్కపిల్ల లేదు.

గోపాలరావు చెప్పులు లేకుండానే పరుగెత్తాడు. కొబ్బరితోటల నడుమ ఇసుకదారిలో, చొక్కాలో పిల్లను పొదువుకుని కొడుకు వడివడిగా పోతున్నాడు. వెనకనుంచి పిలిచి ప్రయోజనం లేదు. అరవయ్యేళ్ళ ఒంటిని ఈడ్చుకుంటూ దాటిపోయి, ఆయన వాడికి ఎదురుగా నిలబడ్డాడు. వాడు పక్కకు తప్పుకోబోయాడు. ఆయన రెండు చేతులూ జోడించాడు. తల్లీ కొడుకులు మాట్లాడుకునే సైగలు ఆయన ఏనాడూ నేర్చుకోలేదు.

అంతలో ఎదురుగా వచ్చిన జీపు దారి లేక ఆగింది. కుక్కపిల్లల్ని కొనడానికొచ్చిన ఇచ్ఛాపురం వ్యాపారి తల బయట పెట్టాడు. "ఏటి గోపాలరావు గారూ, నడిరోడ్డు మీద? ఈ కుక్కపిల్ల ఏటి? ఇతనెవరు, మీ పనివాడా?"

వెనకే పరుగెత్తుకొచ్చిన గౌరీశ్వరి కొబ్బరిచెట్టు పట్టుకుని నిలబడిపోయింది. ఈ ప్రశ్నకు ఆయన తలూపి ఊరుకోవడం ఆమె చాలాసార్లు చూసింది.

"ఈ పిల్లకి సెవుడు," అన్నాడు గోపాలరావు. "తప్పు నాది. నవాబు రక్తంలో ఇంక జత కట్టించను. మిగిలినవాటిని తీసుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం. ఇది మాత్రం మా ఇంట్లోనే ఉంటాది." ఆయన కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. "ఇతను నా కొడుకు."

వ్యాపారికి వీపు తిప్పి, కొడుకు ముఖాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. వాడి చూపు తన పెదవుల మీద నిలిచేదాకా ఆగాడు. అప్పుడు ఒక్కొక్క అక్షరమే, నిదానంగా, తోటంతా వినిపించేలా పలికాడు.

"లోకేష్."