మ్యూజియంలో దొంగ శబ్దం

మ్యూజియంలోని తుప్పుపట్టిన పాత సబ్‌మెరైన్ దగ్గర, ప్రారంభోత్సవం రిహార్సల్‌లో వినిపించిన చప్పుడు ఇంకా లోకం కంటపడని కొత్త సబ్‌మెరైన్‌ది!

పసిగట్టింది నేవీ శబ్ద నిపుణుడు. మరుక్షణం చీఫ్ తన ఏజెంట్‌ని పిలిపించాడు. డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏజెంట్ ముద్దుపేరు ముంగిస.

"మనిషికి గొంతెలాగో సబ్‌మెరైన్‌కి చప్పుడు అలాగ. అది శత్రువు చెవిన పడిందా, నీళ్లలో ఎక్కడ దాక్కున్నా పట్టేస్తాడు. లోపల అరవైమంది కుర్రాళ్లుంటారు."

"మరి అది మ్యూజియంలో ఎందుకు సార్?"

"ఇవాళ ప్రారంభోత్సవం లైవ్. తెడ్ల పడవల దగ్గర్నుంచీ నేవీ చరిత్రంతా శబ్దాలతో సహా ప్రపంచానికి వినిపిస్తున్నాం. విదేశీ ముఠా టీవీ ముందు కూర్చుని రికార్డు చేసుకుంటే చాలు. దారి ఖర్చులు కూడా దండగ లేదు!"

"ఆపించెయ్యండి."

"హాల్లోంచి తీయించేశాను. కానీ పెట్టినవాడు మనలోనే ఉన్నాడు. వాడు కావాలి నాకు."

ఆ మ్యూజియం కట్టించిన రిటైర్డ్ కెప్టెన్ స్వయానా ముంగిసకి పిల్లనిచ్చిన మామగారు. సబ్‌మెరైన్‌తో పాటు మునిగిపోయిన కొడుకు శవం కూడా దక్కని మనిషి. ఆ దుఃఖంలోనే ఒక్కో ముక్కా పోగుచేసి నేవీ చరిత్ర నిలబెట్టాడు. ఇప్పుడీ మచ్చ ఆయన నెత్తిన పడితే?

హాలు కిటకిటలాడుతోంది. అతిథులకి ఈలతో స్వాగతం పలికే నావికుడి వేషంలో మైకు ముందు నిలబడ్డాడు ముంగిస. నల్ల కళ్లద్దాల సుందరి ఒకతె పక్కన చేరింది. ఇరుపక్షాల దగ్గరా జీతం పుచ్చుకునే డబుల్ ఏజెంట్, 'దొరసాని'.

"ఇవాళ ఏ పక్షం?" అన్నాడు పెదవి కదపకుండా.

"వాళ్లు జీతం ఎగ్గొట్టారు. మీ పక్షమే," అని చూయింగ్ గమ్ నమిలింది. "హాల్లో తీసేశామని చంకలు గుద్దుకోకండి. ఇంకో కాపీ పైన కంట్రోల్ రూమ్‌లో ఉంది. రిబ్బన్ తెగగానే మీట నొక్కుతారు."

"ఎవరు?"

"పేరు నాకూ చెప్పలేదు. పాత నేవీ మనిషట."

అడ్మిరల్ కత్తెర అందుకున్నాడు.

"సార్, లైవ్ కట్ చేయించండి!" ముంగిస కాలర్ మైకులో గొణిగాడు.

"ఆ మీట కూడా ఆ గదిలోనే ఏడిసింది! లోపల గడియ పెట్టాడు!" చెవిలో చీఫ్ గొంతు అరిచింది.

మెట్లెక్కే వ్యవధి లేదు. ముంగిస ఈల నోట పెట్టుకుని గుండెలనిండా ఊపిరి పీల్చి ఊదాడు.

నేవీలో ఒక ఈల ఉంది. ఒకే స్వరంతో పొడుగ్గా సాగుతుంది. అది మోగితే ఓడలో ఎవరు ఏ పనిలో ఉన్నా బొమ్మలా నిలిచిపోవాలి. విడుదల ఈల మోగేదాకా వేలు కదపకూడదు. ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన ఆజ్ఞ అది. మెదడుని అడగదు.

అడ్మిరల్ కత్తెర గాల్లో ఆగింది. తెల్ల యూనిఫారాలన్నీ కొయ్యబారాయి. దొరసాని దవడ ఒక్కటే ఆడుతోంది.

ముంగిస మెట్లమీద పరుగు తీశాడు. భుజంతో తలుపు బద్దలుకొట్టి, ప్లగ్గు పీకి పారేసి, అప్పుడు తలెత్తాడు.

మీటకి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయిన వేలు. ఆ వేలు మామగారిది.

"మీరా, మామయ్యా?"

ముసలాయన చెయ్యి దించలేదు.

"నేనే. చప్పుడు దొంగిలించిందీ నేనే, హాల్లో పెట్టిందీ నేనే. నీ బావమరిది ఏ నీళ్లలో పడుకున్నాడో ఆ ముఠాకి తెలుసు, అల్లుడూ. మనవాళ్లని అడిగితే ఫైలు మూసేశామన్నారు. వాళ్లేమో చోటు చూపిస్తామన్నారు. మీ అత్తయ్యని ఒక్కసారి అక్కడికి తీసుకెళ్దామనుకున్నాను. అరవైమంది గుర్తు రాలేదా అంటావు. వచ్చారు. వచ్చినా నొక్కేవాణ్ణే. నీ ఈల వినగానే ఈ పాడు చెయ్యి ఆగిపోయింది. నేను రిటైరైన సంగతి దీనికింకా ఎవరూ చెప్పినట్టు లేదు."