ఐసు ఫ్యాక్టరీ వంతెన మీద ఏడుపు

మైపాడు దారిలో, కాలువ వంతెన పక్కన మూతబడిన ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. చీకటి పడ్డాక అక్కడ ఆడమనిషి ఏడుపు వినిపిస్తుందని చెప్పుకుంటారు. ఆ మాటకు నవ్వేవాళ్లు కూడా అక్కడికొచ్చేసరికి హారన్ కొట్టుకుంటూ పోతారు. నేనూ అంతే, దాచడం దేనికి!

రొయ్యల బండి తోలే యాసీన్‌కు నెల రోజులుగా ఆ ఏడుపు వినిపిస్తోంది. వంతెన ఎక్కేటప్పుడే... సన్నగా, మూలుగుతున్నట్టు. ఎవరికైనా చెబితే ఆటపట్టిస్తారని బంపరుకు నిమ్మకాయలు కట్టి ఊరుకున్నాడు. ఇదంతా అతను చెప్పగా విన్నదే.

ఆ రాత్రి బండిలో రొయ్యలు లేవు. వెనక తొట్టిలో నొప్పులతో మెలికలు తిరుగుతున్న భార్య షాహనా ఉంది. పక్కన ఆశా వర్కర్ మాలకొండమ్మ. అంబులెన్సు ఇంకో కాన్పుకు పోయిందన్నారు. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారైనా నెల్లూరు పెద్దాసుపత్రికి చేరాలి.

వంతెన దగ్గర సెకండ్ గేరు వేశాడో లేదో — ఏడుపు! ఈసారి గొంతు చించుకుని...

యాసీన్ బండి ఆపేశాడు. న్యూట్రల్‌లో పెట్టినా ఏడుపు ఆగలేదు. మెకానిక్ చోటే సాహెబ్‌కు ఫోన్ చేశాడు.

“చాచా... ఏడస్తా ఉండాది...”

“షాహనానా?”

“కాదు... దయ్యం.”

ఫోన్లోంచి ఆ చప్పుడు కాసేపు విన్నాడు సాహెబ్. “క్లచ్ తొక్కు.”

తొక్కాడు. ఠక్కున ఆగింది.

“వదులు.”

మళ్లీ మొదలు.

“దయ్యానికి నీ క్లచ్‌తో ఏం పనిరా? గేరుబాక్సులో బేరింగు పొయ్యింది. వంతెన ఎక్కను గేరు దించినప్పుడు బరువు పడి అరస్తాది. నిమ్మకాయలు కట్టినావే గానీ బండిని షెడ్డుకు తెచ్చినావా?”

అసలు భయం అప్పుడు పట్టుకుంది యాసీన్‌కు. దెయ్యాన్నయితే కాళ్లు పట్టుకుని బతిమాలుకోవచ్చు. బేరింగు పట్టేస్తే బండి ఇక్కడే నిలిచిపోతుంది.

“టాప్ గేరులో ఆ బేరింగుండే షాఫ్టు మీద బరువు పడదు. మెల్లగా టాప్‌లోకి పో. మళ్లా ఎక్కడా ఆపొద్దు,” అన్నాడు సాహెబ్.

ఎలాగో టాప్ గేరు పడింది. ఏడుపు అణిగింది. హమ్మయ్య అనుకున్నాడు...

అప్పుడు తెలిసింది — వెనక షాహనా మూలుగు కూడా లేదు.

“మాలకొండమ్మక్కా...”

వీపు వెనక రేకును గుద్దాడు.

ఆగి చూద్దామంటే బండి మళ్లీ కదులుతుందన్న నమ్మకం లేదు. రెండు పక్కలా రొయ్యల గుంటలు, కనుచూపు మేరలో మనిషి లేడు. “యా అల్లా... ఆ దయ్యమే నయం. షాహనాను మాత్రం అరవనీ...” అంటూ కళ్లనీళ్లతోనే తోలాడు.

అంతలో — ఏడుపు. సన్నగా...

టాప్ గేరులో రాకూడదే! బేరింగు పూర్తిగా పోయినట్టుంది. ఇక అంతా అయిపోయిందనుకుని క్లచ్ తొక్కాడు.

ఏడుపు ఆగలేదు.

ఇంకా గట్టిగా తొక్కాడు... ఆగలేదు.

వెనక రేకు మీద దబదబా చప్పుడు. మాలకొండమ్మ గొంతు.

“యాసీనూ! కూతురయ్యా! తల్లి కళ్లు తెరిచింది... పోనీ, బండి పోనీ!”