తగ్గిన తొమ్మిది కిలోలు

ఉదయం 10.40. జహనుమాలో ఒక మేడ, రెండో అంతస్తు.

వంటగది గడప దగ్గర నుజహత్ శవం. వయసు ముప్ఫై ఒకటి. ఒంటి మీద గాయం లేదు. పక్కన గ్లాసు దొర్లి ఉంది.

ఇన్‌స్పెక్టర్ విశ్వేశ్వర్ చూపు అలమరలోని డబ్బా మీద పడింది. ‘నాజూక్ గోల్డ్. వంద శాతం హెర్బల్. నెలలో మెరుపుతీగ.’

అతని పెదవి వంకర తిరిగింది. చిటికెడు పొడికి బంగారు మూత పెట్టి అమ్మేవాళ్లంటే అతనికి ఒళ్లుమంట.

“మా దుల్హేభాయే, అక్క మొగుడే ఏదో పెట్టిండు సార్!” మృతురాలి చెల్లెలు లుబ్నా వేలు చూపించింది. “మోటీ, మోటీ, లావైనవని రోజూ లొల్లి.”

భర్త షాహెద్ తల దించుకున్నాడు. “అన్న మాట నిజమే సార్. గానీ చంపుతనా? తొమ్మిదింటికే గాజుల దుకాణానికి పోయిన.”

“ఈ సన్నబడే మాత్రలు ఎన్నాళ్లుగా?”

“మూడు నెలలు.”

“తగ్గిందా?”

“రెండు నెలలు గ్రాము తగ్గలే. పోయి కొట్లాడితే దుకాణపాయన వేరే డబ్బా ఇచ్చిండు. ఇగ నెలలో తొమ్మిది కిలోలు! నిద్ర లేదు, ఆకలి లేదు. గుండె దడదడ అంటుందనేది.”

విశ్వేశ్వర్ పెన్ను ఆగింది.

“పాత డబ్బా ఉందా?”

సగం నిండుగా ఉన్న డబ్బాను లుబ్నా వెతికి తెచ్చింది. అదే పేరు. అదే లేబుల్. అదే బ్యాచ్ నంబర్. రెండూ సీల్ చేసి ల్యాబ్‌కు పంపాడు.

పద్దెనిమిదో రోజు రిపోర్టు వచ్చింది. సాయంత్రం 4.15కు షాహెద్‌ను, లుబ్నాను వెంటబెట్టుకుని ఉస్మాన్‌గంజ్‌లోని దుకాణానికి వెళ్లాడు.

యజమాని ప్రేమ్‌రాజ్ కుర్చీలోంచి లేవలేదు. “అంతా జడీబూటీ సార్. ఇంతకుముందు ఆఫీసరొచ్చి డబ్బా టెస్టు చేయించిండు. క్లీన్!”

“నిజమే. మొదటి డబ్బాల మెంతిపొడి, ఇసబ్‌గోల్. దాంతో ఎవరూ చావరు. ఎవరూ సన్నబడరు గూడ.”

“మరింకేంది సార్?”

“ఆమె ఏం తిన్నదని అందరూ అడిగిన్రు. ఎట్ల తగ్గిందని ఒక్కరూ అడగలే. రెండు నెలలు కదలని తూకం ముల్లు, అదే మందుతో తొమ్మిది కిలోలు దిగిందా?”

“మా మందు పనిచేసింది సార్!”

“పనిచేసింది. అందుకే దొరికినవ్.”

రిపోర్టు బల్ల మీద పడింది. రెండో డబ్బాలో సిబుట్రమిన్. గుండెకు ప్రమాదమని ఏనాడో నిషేధించిన మందు. నుజహత్ శరీరంలోనూ అదే.

వెనక గదిలోంచి కానిస్టేబుల్ ఎల్లేష్ ఒక అట్టపెట్టె మోసుకొచ్చాడు. ఖాళీ క్యాప్సూల్స్. తెల్లపొడి ప్యాకెట్లు. కట్టల కొద్దీ లేబుళ్లు.

ప్రేమ్‌రాజ్ కుర్చీలోంచి లేచాడు. “అందరికీ ఇయ్యలే సార్. తగ్గలేదని లొల్లి చేసినోళ్లకే ఇచ్చిన.”

మర్యాద చేసినట్టే చెప్పాడు. విశ్వేశ్వర్ అతన్ని చెప్పుకంటిన పేడను చూసినట్టు చూశాడు.

లుబ్నా షాహెద్ వైపు తిరిగింది. “విషం వీడిచ్చిండు. అక్కను ఈ దుకాణం దాకా తోలింది మీ నోరు.”



ప్రేమ్‌రాజ్ ఫోన్‌లో రెండో డబ్బా తీసుకున్నవాళ్ల నంబర్లు నలభై రెండు దొరికాయి. విశ్వేశ్వర్ మొదటిదానికి డయల్ చేశాడు.

“అమ్మా, పోలీస్ స్టేషన్ నుంచి. నాజూక్ గోల్డ్ ఇంకొక్కటి గూడ మింగకుండ్రి. వెంటనే డాక్టర్ దగ్గరికి పోండ్రి.”

అవతల చిన్న నవ్వు.

“ఎందుకు సార్? నేనైతే మస్తు తగ్గుతున్న!”