నిదాల్ పేరుతో వచ్చిన అప్‌డేట్

ఆ మధ్యాహ్నం ఇసుకగాలికి రేవంతా పసుపుపచ్చగా మసకబారింది. కిటికీలు బిగించి నేనూ, మనవరాలు లమీస్ వంటింట్లో కూర్చున్నాం. దాని ఒళ్లో లాప్‌టాప్.

లమీస్ అన్న నిదాల్‌ని పోయినేడు సముద్రం తీసుకుపోయింది. అంతకుముందు వాడు ఒక ఆటకు మాడ్ చేశాడు. మాడ్ అంటే ఆడేవాళ్లే ఆటకు కుట్టే అతుకు. వాడు కుట్టింది మా వీధి. అందులో నువ్వుల రొట్టెల బండివాడి కేక నిదాల్ గొంతే. మాకు మిగిలిన గొంతు అదొక్కటే.

ఆ మాడ్‌కి ఇప్పుడు అప్‌డేట్ వచ్చింది. పంపినవారి పేరు, నిదాల్.

లమీస్ నన్ను తేతా అంటుంది, అంటే మామ్మా అని. "ఎవడో అన్నయ్య ఖాతా దొంగిలించాడు తేతా. వేస్తే గొంతు చెడిపోవచ్చు. వెయ్యకపోతే ఆట కొత్త వెర్షన్‌లో వీధే తెరుచుకోదు."

"తొందరెందుకే? ముందు నకలు తియ్యి. నకలు మీద వేసి చూడు. అసలు జోలికి పోకు."

"రిటైరైనా పంతులమ్మవే."

"నెట్ ఆపావా?"

"కరెంటు పోయే వేళేగా, అదే ఆగుతుంది."

కరెంటు పోయే వేళలు గుర్తుంచుకోవడం మా లెబనాన్‌లో అందరికీ ఉన్న అలవాటే. అన్నట్టే కరెంటు పోయింది. వైఫై డబ్బా ఆరిపోయింది. లమీస్ ముందే దించిన అప్‌డేట్‌ని నకలుకు వేసింది.

వీధి తెరుచుకుంది. చక్రాల కిచకిచ... "వేడి వేడి రొట్టె..." వాడే. లమీస్ ఊపిరి వదిలింది.

కేక వెనకాలే అదే గొంతుతో ఒక గుసగుస. రికార్డు చేసిన రోజు నేను పక్కనే ఉన్నాను. అప్పుడది లేదు.

"తేతా... ఇది నేను పంపలేదు. అసలుదానికి వెయ్యకు."

మూసిన వంటింట్లో తడి ఉప్పు వాసన.

"తీసెయ్," అన్నాను. నకలు తీసేసింది.

అప్పుడే కింద జనరేటరు దడదడమంది. రోజూకంటే ముందే. వైఫై డబ్బా పచ్చగా వెలిగింది.

"తేతా... అప్‌డేట్ దానంతటది వేసుకోకుండా ఆపడం మర్చిపోయాను..." అంది లమీస్.

తెర మీద గీత నిండిపోయింది. ఈసారి అసలుదానికే.

తెరిచాం. తెరవక ఏం చేస్తాం? అదే సందు. అదే కేక. బండి పక్క ఇంటి పై కిటికీలోంచి ఎవరిదో ముసలి మగగొంతు.

"పైకి రా, నాయనా."

నిదాల్ ఆ ఇంటికి ముందు గోడే గీశాడు. లోపల ఏమీ లేదు. అయినా మెట్లెక్కుతున్న అడుగులు... పైకి... ఇంకా పైకి... తలుపు మూసుకుంది.

మళ్లీ కేక వినలేదు. లమీస్ రోజూ ఆ వీధి తెరుస్తుంది. బండి అక్కడే ఉంది. దాని మీది రొట్టెలే రోజుకొకటి తగ్గుతున్నాయి.