పేరు లేని నల్ల యాంప్

పంజగుట్ట చౌరస్తా దాటి అమీర్‌పేట వైపు వస్తుంటే ఎడమ పక్కన ఒక పాత కాంప్లెక్స్ ఉంది. పై అంతస్తుల్లో కోచింగ్ సెంటర్లు, కింద జిరాక్స్ షాపులు, ఒక టిఫిన్ బండి. బండ్లు పార్క్ చేసే సెల్లార్‌లో ఓ మూల, ఇనుప షట్టర్ వెనకాల కామరాజు గారి షాపు. పాత గిటార్లు, కీబోర్డులు, స్పీకర్లు అమ్ముతారాయన. గిటార్ శబ్దాన్ని పెంచే ట్యూబ్ యాంప్‌ని వాయించి చూసి కొనుక్కోవాలంటే ఈ చుట్టుపక్కల మాకు తెలిసిన చోటు అదొక్కటే.

మేమంటే నేనూ, రాఘవేందరూ. నా పేరు జాయ్సీ. ఆదివారం పొద్దున చర్చిలో గిటార్ వాయిస్తాను. మిగతా రోజుల్లో మా మెటల్ బ్యాండ్‌లో భారీ రాక్ సంగీతం వాయిస్తాను. మా అమ్మకి మొదటిదే నచ్చుతుంది, నాకు రెండూ ఇష్టమే.

రాఘవేందర్ మా బ్యాండ్‌కి గాయకుడు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెప్తాడు. పగలంతా పాఠాలు చెప్పి, సాయంత్రం ప్రాక్టీస్ రూముకి వచ్చి అరుస్తాడు. మెటల్‌లో అరవడమంటే ఊరికే కేకలు పెట్టడం కాదు. కడుపులోంచి గాలి తీసుకుని, గొంతు చెడకుండా గర్జించడం. అది పట్టుబడటానికి అతనికి ఏళ్లు పట్టింది. ప్రాక్టీస్ అయ్యాక తేనె కలిపిన వేడినీళ్లు తాగేవాడు. చల్లటివి ముట్టడు. "పొద్దుగాల అన్నం పెట్టేది గీ గొంతే, పొద్దుమూకి పానం పెట్టేది సుత గిదే" అని నవ్వేవాడు.

మా ఇబ్బందల్లా నా యాంప్‌తోనే. చిన్నది, చవకది. మెటల్‌కి కావాల్సిన గరగర, అదే డిస్టార్షన్, పెంచితే కందిరీగల తుట్టె కదిలినట్టు రొద. ఏ తీగ మోగుతోందో తెలీదు, పైగా రాఘవన్న గొంతుని మింగేసేది. మొదటిసారి పెద్ద వేదిక మీద వాయించే అవకాశం వచ్చింది. ఇక తప్పదని కామరాజు గారికి ఫోన్ చేశాం.

"ఆదివారం మధ్యాహ్నం రండమ్మా. మిగతా రోజుల్లో మీ సంగీతం పెడితే పైన కోచింగ్ వాళ్లు నన్ను బతకనివ్వరు" అన్నారాయన.

చర్చి నుంచి నేరుగా వెళ్లాను. అప్పటికే వాన. సెల్లార్ ర్యాంపు మీద నీళ్లు పాయలుగా జారుతున్నాయి. లోపల తడి సిమెంటు వాసన, పెట్రోలు వాసన. ఆదివారం కాబట్టి ఒక్క బండి కూడా లేదు. చివర షట్టర్ దగ్గర ఒకే ఒక ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. రాఘవన్న నాకంటే ముందే వచ్చి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

కామరాజు గారు మంచి వ్యాపారి, అంతకంటే మంచి మాటకారి. రాజమండ్రి నుంచి ఎప్పుడో వచ్చారు. మొదట ఒక యాంప్ పెట్టారు. బేస్ బాగుంది కానీ వేగంగా వాయిస్తే స్వరాలన్నీ ముద్దయిపోతున్నాయి. రెండోది పదునుగా ఉంది. మరీ పదును, చెవుల్లో సూదులు గుచ్చినట్టు. ఆ గరగరని పెంచే గెయిన్ బొత్తాం తిప్పగానే రెండింట్లోనూ బుస్సుమని ఒకటే హోరు. హై గెయిన్ యాంప్ అన్నాక ఆ హోరు ఉంటుంది. ఎంత మంచిదైనా ఉంటుంది.

"అది ఏంటి సార్?" అన్నాను.

వెనక గోడకి ఆనించి నల్లటి పెట్టె ఒకటి ఉంది. ముందు భాగంలో బొత్తాలున్నాయి గానీ కంపెనీ పేరు లేదు.

"అదా? ఇంకా ఎవరికీ చూపించలేదమ్మా. సినిమావాళ్లుండే కృష్ణానగర్ సరుకు. ఏదో రికార్డింగ్ థియేటర్ మూసేస్తే సామానంతా కలిపి తెచ్చా. చేత్తో కట్టించుకున్నట్టున్నారు. పనిచేస్తుందో లేదో చూద్దాం ఉండండి."

దాన్ని పెద్ద స్పీకర్ క్యాబినెట్ మీదికెక్కించి తీగ కలిపారు. స్విచ్ వేశారు. జాలీ వెనకాల బల్బుల్లాంటి గాజు ట్యూబులు మెల్లగా నారింజ రంగుకి తిరిగాయి. దుమ్ము కాలిన వాసన వచ్చింది. దాంతోపాటు ఇంకేదో వాసన... ముఖానికి రాసుకునే పౌడరు వాసన. పాత వస్తువులకి ఏవో వాసనలు ఉంటాయి, పట్టించుకోలేదు.

గెయిన్ సగానికి పైగా పెంచాను. హోరు లేదు. పనిచేయట్లేదేమో అనుకుని, అరచెయ్యి తీగల మీద ఆనించి ఒక్క దెబ్బ కొట్టాను.

నా పక్కటెముకల్లో మోగింది. బరువైన ఇనుప తలుపు మూసుకున్నట్టు ఉంది ఆ శబ్దం. చెయ్యి ఆపగానే ఆగిపోయింది. కత్తితో కోసినట్టు ఆగిపోయింది. వేగంగా వాయించాను. ఒక్కో స్వరం విడివిడిగా, పూసల్లా పడుతోంది. అలాంటి శబ్దం కోసమే నేను గిటార్ పట్టుకున్నాను.

"మస్తుంది జాయ్సీ! గిదే తీస్కుందాం" అన్నాడు రాఘవన్న లేచి నిలబడి.

"నీ గొంతు దీంట్లో వినిపిస్తుందో లేదో చూడాలి కదన్నా."

"వాయించు మరి. నేనొస్త."

కామరాజు గారు చెవులు మూసుకుని నవ్వారు. "మీరు కానివ్వండి. నేను పైకెళ్లి టీ పట్టుకొస్తా" అని గొడుగు తీసుకుని ర్యాంపెక్కి వెళ్లిపోయారు.

మా కొత్త పాట మొదలుపెట్టాను. రాఘవన్న క్యాబినెట్ ఎదురుగా నిలబడి గర్జించాడు. మైక్ లేకపోయినా అతని గొంతు గిటార్ మీద నిలబడింది. పాట ముక్క అయిపోయింది. చెయ్యి తీగల మీద పెట్టాను. సెల్లార్ అంతా నిశ్శబ్దం. దూరంగా వాన.

"ఇంకోసారి."

మళ్లీ వాయించాను. మళ్లీ అరిచాడు. ఈసారి ఇంకా బాగా కుదిరింది. ఆపాను.

"ఇంకోసారి."

మూడోసారి అయ్యాక అతను గొంతు సవరించుకుని, కొంచెం ఇబ్బందిగా నవ్వాడు.

"జర ఆగు జాయ్సీ. ఊకే ఇంకోసారి ఇంకోసారి అంటవ్. దమ్ము తీస్కోనియ్."

నా వేళ్లు తీగల మీదే ఉండిపోయాయి.

"నేనెక్కడన్నానన్నా? నువ్వే అంటున్నావనుకున్నా..."

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. పైన ఎక్కడో మెట్రో రైలు పోతున్న అదురు. అది కూడా పోయింది. అప్పుడు వినబడింది. క్యాబినెట్ గుడ్డ వెనకాల... ఊపిరి. సన్నగా, ఓపిగ్గా, ఎదురుచూస్తున్నట్టు ఊపిరి.

"రేడియో పట్టుకుంటోందేమో. పాత యాంపులు పట్టుకుంటాయి" అని గుసగుసలాడాను. నిజంగానే పట్టుకుంటాయి. ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను.

లేచి యాంప్ మీద స్టాండ్‌బై స్విచ్ నొక్కాను. అది నొక్కితే ట్యూబులు వేడిగానే ఉంటాయి గానీ స్పీకర్‌లోకి శబ్దం పోదు. పోకూడదు.

"బాలేదు" అంది స్పీకర్లోంచి ఆడగొంతు. మర్యాదగా, అలసటగా. "ఇంకోసారి."

"అన్నా... పోదాం పద. గిటార్ తర్వాత తెచ్చుకుందాం."

అతను కదల్లేదు. కళ్లు క్యాబినెట్ మీదే ఉన్నాయి. క్లాసులో తప్పు పట్టుబడిన పిల్లాడి ముఖంలా అయిపోయింది అతని ముఖం. నోరు తెరిచాడు. అరిచాడు.

గిటార్ లేదు, పాట లేదు. వట్టి అరుపు. ఆ అరుపు స్పీకర్లోంచి కూడా వచ్చింది. మైక్ లేదు, తీగ లేదు... అయినా పదింతలై వచ్చింది. షట్టర్ రేకు గడగడలాడింది.

"బాలేదు. ఇంకోసారి."

అరిచాడు.

భుజం పట్టుకుని లాగాను. రాయిని లాగినట్టుంది. "రాఘవన్నా! ఆపు! నీ గొంతు పోతుంది!" నా గొంతు మాత్రం స్పీకర్లో రాలేదు. గోడ దగ్గరికి పరుగెత్తి ప్లగ్ పీకేశాను. ట్యూబుల్లో రంగు మెల్లగా చల్లారుతోంది. నారింజ... ఎరుపు... నలుపు. పౌడరు వాసన మాత్రం ముక్కుకి ఆనించినట్టు వస్తోంది.

చీకటి పెట్టె. కరెంటు లేదు.

"ఏడుపు వినపడాలి. ప్రాణం పోతున్నట్టు ఉండాలి. ఇంకోసారి."

ఈసారి అతని అరుపు మధ్యలో చిరిగింది. గుడ్డ చిరిగినట్టు... నేను విన్నాను. పెదవుల మీదికి రక్తం వచ్చింది. అయినా ఊపిరి తీసుకుంటున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నన్ను చూస్తున్నాడు. ఆపమని అడుగుతున్నాడని నాకు అర్థమవుతోంది. ఎలా ఆపాలో మాత్రం తెలీడం లేదు.

చర్చికెళ్లే మనిషిని, ప్రార్థన గుర్తు రావాలి కదా. రాలేదు. అతని నోటికి నా చెయ్యి అడ్డం పెట్టాను. వేడి రక్తం, వేడి ఊపిరి. అరచేతిలోనే అరిచాడు. ఆ అదురు నా మోచేతి దాకా పాకింది.

అంతలో కామరాజు గారు టీ ఫ్లాస్కుతో దిగొచ్చారు. ఫ్లాస్కు కింద పడేసి ఆయన ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకుని ఈడ్చుకుంటూ ర్యాంపెక్కాం. వాన మీద పడగానే రాఘవన్న కూలబడిపోయాడు. అరుపు ఆగింది. నోరు ఆగలేదు. తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, శబ్దం లేదు.

ఆటోలో సోమాజిగూడ ఆసుపత్రికి తీసుకెళ్లాం. మా అమ్మ యేసుమణి అక్కడే నర్సు. నా చేతుల మీద రక్తం చూసి వెంటనే స్ట్రెచర్ తెప్పించింది.

స్వరతంతువులు చీలిపోయాయన్నారు డాక్టర్. ఒక పూట అరిస్తే ఇలా కాదు, ఎన్ని గంటలు అరిచారని అడిగారు. పాట ముక్క మూడు సార్లు, తర్వాత కొన్ని కేకలు అని చెప్పాను. ఆయన నమ్మలేదు. బాగయ్యేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు, గుసగుసగా కూడా.

షో పోయింది. ఇన్‌స్టిట్యూట్‌లో అతని క్లాసులు ఇంకొకరికి ఇచ్చేశారు. ఎర్రమంజిల్‌లో వాళ్ల అన్న క్వార్టర్‌లో ఉండేవాడు. నేను వెళ్తే కిటికీ దగ్గర కూర్చుని ఉండేవాడు. ఆ రోజు గురించి నేనెత్తితే తల అడ్డంగా ఊపి, కళ్లు మూసుకునేవాడు. ఇక అడగడం మానేశాను.

గిటార్ తెచ్చుకోవడానికి ఒకసారి కామరాజు గారి దగ్గరికి వెళ్లాను. షాపులోకి కాదు, పైన టిఫిన్ బండి దగ్గరికే రమ్మన్నాను. మనిషి సగమయ్యారు.

"ట్యూబులు పీకేసి నాలాలో పారేశానమ్మా. పెట్టె పగలగొట్టించా." గొంతు తగ్గించారు. "ఆ థియేటర్‌లో పనిచేసినాయన్ని పట్టుకుని అడిగా. పాటలతో పాటు డబ్బింగూ అక్కడే చేసేవారట. అరుపులూ ఏడుపులూ చెప్పించడానికి ఒక మేడం ఉండేవారట. ఎంత బాగా అరిచినా నచ్చేది కాదట ఆవిడకి. ఒకమ్మాయి ఆ గదిలోనే రక్తం కక్కుకుని పోయిందట. తర్వాత ఆ మేడం కూడా ఎక్కువ రోజులు లేరు."

ఆ మాట రాఘవన్నకి చెప్పలేదు. అమ్మకి కూడా చెప్పలేదు. చెప్పి ఏం చెయ్యాలి?

చలికాలం వెళ్లేసరికి డాక్టర్ పరీక్ష చేసి, గాయం పూర్తిగా మానిందన్నారు. ఈ రోజు మాట్లాడించి చూద్దామన్నారు. పట్టపగలు. కిటికీలోంచి ఎండ గదంతా పడుతోంది. గదిలో డాక్టర్, రాఘవన్న, నేను. ముగ్గురమే. భయపడుతున్నాడని అతని చెయ్యి పట్టుకున్నాను.

"మెల్లగా ఆ అనండి" అన్నారు డాక్టర్.

"ఆ..." అన్నాడు. బొంగురుగా ఉంది గానీ అతని గొంతే. నాకు ఏడుపొచ్చింది.

"వెరీ గుడ్. చాలు" అని డాక్టర్ చేతులు కడుక్కోవడానికి సింక్ వైపు తిరిగారు.

"ఆ..." అన్నాడు రాఘవన్న మళ్లీ. ఈసారి కొంచెం పొడవుగా.

"చాలండీ. ఇవాళ్టికి చాలు."

అతను వినలేదు. నా భుజం మీదుగా, నా వెనక ఖాళీ గోడ వైపు చూస్తున్నాడు. ఎవరో చెప్తుంటే శ్రద్ధగా వింటున్నట్టు తల ఊపాడు. నా చెయ్యి వదిలించుకున్నాడు. వీపు నిటారుగా పెట్టి, కడుపు దాకా ఊపిరి తీసుకున్నాడు.

"సరే మేడం" అన్నాడు.