కడలిభూతం పక్కన విస్తరి

గడప దిగితే ఇసుక, కిటికీ తెరిస్తే అలల హోరు ఉండే రాజ్యం ఒకటుండేది. దాని పేరు వేలాపురి. ఎండాకాలం వచ్చిందంటే ఇతర రాజ్యాల్లో జనం ఉస్సురంటారు. వేలాపురి జనం మాత్రం షికార్లకు మూటలు కట్టుకునేవారు. మామిడిపళ్ళు ముగ్గబెట్టిన రోజు నుంచి పిల్లలు పెద్దవాళ్ళ ప్రాణాలు తోడేసేవారు. ఎప్పుడెళ్దాం, ఎప్పుడెళ్దాం అని ఇంటింటా ఒకటే గొడవ.

వాళ్ళను తిప్పే పెద్ద ఎడ్లబండి దాలయ్యది. తెల్లవారుతూనే బయలుదేరి ముందుగా మారుపలుకుల గుహ దగ్గర ఆపేవాడు. పిల్లలు గొంతులు పోయేలా అరిచేవారు, గుహ కూడా అలాగే అరిచేది. తర్వాత ఓడలకు దారి చూపే దీపాలకొండ. ఆ తర్వాత ఉప్పునీటి కాలవల్లో చెట్లు వేళ్ళ మీద నిలబడి ఉండే మడ అడవి. చివరికి సరుగుడు తోట దాటితే సముద్రం. అక్కడ మూటలు విప్పి, పంక్తులు తీరి, పులిహోరలు, దద్దోజనాలు, తాటిముంజెలు. ప్రతి కుటుంబమూ పంక్తి చివర ఒక విస్తరి ఎక్కువ వేసేది. అది సముద్రానిది. కాసేపటికి ఓ అల వచ్చి దాన్ని పట్టుకుపోయేది.

బండి ఎక్కే ఆడవాళ్ళందరికీ దాలయ్య భార్య పోలమ్మ తన కుంకుమ భరిణె తీసి బొట్టు పెట్టేది. పెద్దకూతురు నూకాలు ఎడ్ల సంగతి చూసేది. చిన్నది బంగారి పనేమీ చేసేది కాదు గానీ దారి పొడవునా కబుర్లు చెప్పేది.

దాలయ్యకు ఒక మొండిపట్టు ఉండేది. తిరిగి వచ్చేటప్పుడు, "అందరూ ఎక్కేరా?" అని కేకేసి, అందరూ పలికితే తప్ప బండి కదిలించేవాడు కాదు. ఒకసారి ఒక ముసలాయన గవ్వలేరుకుంటూ ఎక్కడో కూర్చుండిపోయాడు. మిగిలినవాళ్ళు ఎంత సణిగినా దాలయ్య చెవిన వేసుకోలేదు. ఎడ్లను విప్పి, ఆయన వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఇలా హాయిగా సాగుతుండగా ఘనకేతుడనే యువకుడు గద్దెనెక్కాడు. అతనికి జనం గోల గిట్టదు. "ఇంత మంచి గాలి ఊరందరికీ ఎందుకు?" అనుకుని ఒడ్డు పొడవునా రాతిగోడ కట్టించాడు. గుహకు, కొండకు, మడ అడవికి వెళ్ళే దారుల్లో భటులను నిలబెట్టాడు. ఆ వేసవిలో పిల్లలు అరుగుల మీద దిగాలుగా కూర్చున్నారు. మామిడిపళ్ళు కూడా ఇళ్ళలోనే తిన్నారు పాపం.

పున్నమి దగ్గర పడుతున్న ఒకనాడు రాజే పరివారంతో సముద్ర విహారానికి బయలుదేరాడు. గంగాళాలు, వంట సామాను మోయడానికి దాలయ్య బండి కావాలన్నారు. రాజాజ్ఞ కదా, ఇంటిల్లిపాదీ వెళ్ళారు. రాజు భోజనానికి కూర్చునే వేళ, పోలమ్మ అలవాటు కొద్దీ పంక్తి చివర ఇంకో విస్తరి వేసింది.

"ఎవరికిది?" అన్నాడు ఘనకేతుడు.

"సముద్రానికి బాబూ."

రాజు పగలబడి నవ్వాడు. "నా పంక్తిలో ఎవరు పడితే వాళ్ళు కూర్చోరు. తీసిపారెయ్," అన్నాడు. ఆమె తటపటాయిస్తుంటే తానే కాలితో ఆ విస్తరిని తన్నాడు.

అలల హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. నీళ్ళు కొండంత ఎత్తున లేచి నిలబడ్డాయి. అందులోంచి నాచు గడ్డంతో, నురగ కనుబొమలతో పెద్ద ముఖం బయటికొచ్చింది. అది కడలిభూతం.

"నా వాకిట్లో గోడ కట్టావు. నా విస్తరి కాలదన్నావు. ఇక మీరంతా నా ఇసుకలో ఇసుకే," అని భూతం నీళ్ళు చిలకరించింది. రాజు, రాణి, భటులు, వంటవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఇసుకబొమ్మలైపోయారు.

సరుగుడు తోట వెనక నూతి దగ్గర ఎడ్లకు నీళ్ళు పెట్టి నూకాలు తిరిగొచ్చేసరికి ఒడ్డంతా నిశ్శబ్దంగా ఉంది. పగ్గాలు పట్టుకున్నట్టే చేతులు చాచి తండ్రి బొమ్మ. గరిటెతో తల్లి బొమ్మ. నోరు తెరిచి ఏదో చెప్పబోతూ బంగారి బొమ్మ. నూకాలు చెల్లెలి బుగ్గ ముట్టుకుంటే వేళ్ళకు ఇసుక అంటుకుంది. ఆ పిల్ల గుండె చెరువైంది. ఏడుపు దిగమింగి భూతం వైపు తిరిగింది.

"మావోళ్ళేటి సేసినారు నిన్ను? యేటేటా నీకు కూడెట్టినోళ్ళే కదా."

భూతం కాస్త తగ్గింది. "ఏటేటా పెట్టారు. ఈ ఏడు ఒక్కరూ రాలేదు. మనుషుల మీద నాకు నమ్మకం పోయింది. ఒంటరిగా తినీ తినీ విసుగొచ్చింది. మనుషులు కానివాళ్ళను, నా పక్కన కూర్చుని తినేవాళ్ళను పిలుచుకురా. ఎల్లుండి పున్నమి పోటు లేచేలోగా పంక్తి నిండితే వీళ్ళను వదులుతాను. ఒక్కరు తక్కువైనా పోటు వచ్చి అందరినీ కరిగించుకుపోతుంది."

మనుషులు కానివాళ్ళు ఎవరొస్తారు? నూకాలు ఆలోచించింది. ఏటా వేసవిలో తను బండితో వెళ్ళిన చోట్లే గుర్తొచ్చాయి. గుహలో ఒకరున్నారు. కొండ మీద ఒకరు. మడ అడవిలో ఒకరు. దారికి అడ్డున్న భటులంతా రాజు వెంట వచ్చి ఇక్కడే బొమ్మలై ఉన్నారు. కానీ ఊరికే రమ్మంటే ఎవరొస్తారు? గుమ్మం దాకా వెళ్ళి, బొట్టు పెట్టి పిలవాలి. బండిలో ఉన్న తల్లి భరిణె తీసి ఒళ్ళో కట్టుకుని ఎడ్లను అదిలించింది.

మారుపలుకుల గుహలో చీకటి తప్ప ఏమీ కనబడదు. లోపల ఉన్నదొక రాక్షసుడని, వాడికి గొంతే గాని రూపం లేదని చెప్పుకునేవారు. నూకాలు గుమ్మంలో నిలబడి, "మా ఇందుకి రాయ్యా," అని విందుకు పిలిచింది.

"మా ఇందుకి రాయ్యా," అంది గుహ.

"నాను పిలుస్తన్నాను."

"నాను పిలుస్తన్నాను."

ఎలా పిలిచినా వాడే తనను ఎదురు పిలుస్తున్నాడు. ఇలాగైతే పున్నమి కాదు, అమావాస్య కూడా వచ్చేస్తుంది. నూకాలు కాసేపు బుర్ర గోక్కుని, గట్టిగా గాలి పీల్చి అరిచింది.

"తప్పకుండా వస్తాను. మాటిస్తన్నాను."

"తప్పకుండా వస్తాను. మాటిస్తన్నాను," అని గుహ చటుక్కున ఆగిపోయింది. లోపల గుసగుస వినబడింది. తర్వాత కొండ కదిలేలా నవ్వు. "ఎంతమంది పిల్లలు అరిచిపోయారో గానీ నాచేత మాట ఇప్పించినదానివి నువ్వొక్కదానివే. వస్తాను. మరి నాకు నుదురు లేదే, బొట్టెక్కడ పెడతావు?"

"ఇంట్లో మనుషులు కనబడకపోతే మాయమ్మ తలుపుకెడతాది," అంటూ నూకాలు గుహ ద్వారానికి బొట్టు పెట్టింది. ఆ బొట్టు గాలిలోకి లేచి, ఆమె వెనకే తేలుతూ బయలుదేరింది.

పున్నమి నాడు తెల్లవారుతుండగా బండి దీపాలకొండ చేరింది. అక్కడ ఉన్నవాడు ఒంటికంటి యక్షుడు. వాడి కన్నే దీపం. దాన్ని సూటిగా చూసినవారి చూపు పోతుంది. నూకాలు కొండ కిందే వెనక్కి తిరిగి, వీపు ముందుపెట్టి మెట్లెక్కింది. మెట్టు మెట్టుకూ వేడి పెరిగింది. జడ కొస కమురు వాసన కొట్టింది. అయినా ఆగలేదు.

"ఎవరది, నడక కూడా రాదా?" అన్నాడు యక్షుడు.

విషయం విని దిగులు పడ్డాడు. "నేను కన్ను మూస్తే ఓడలు రాళ్ళకు కొట్టుకుంటాయమ్మా. ఈ కొండెక్కినప్పటి నుంచి నేను రెప్ప వాల్చలేదు."

"పగలు కూడానా బాబూ?"

"పగలా?" అన్నాడు యక్షుడు. "పగలు సూర్యుడుంటాడు కదూ. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు," అని గొణిగాడు.

"ఇందు మజ్జానం. పొద్దు గుంకీలోగా నిన్ను నాను దింపీస్తాను," అని నూకాలు కుంకుమ వేలు భుజం మీదుగా వెనక్కి చాచింది. బొట్టు వాడి ముక్కు మీద పడింది. యక్షుడు పెద్దగా తుమ్మి, మొట్టమొదటిసారి కన్ను మూసుకుని నవ్వాడు.

మడ అడవికి చేరేసరికి పున్నమి పొద్దు ఎక్కింది. కాలవ గట్టున పడి ఉన్న దుంగ మీద కాలు వేయబోతే ఆ దుంగే కళ్ళు తెరిచింది. అది మనిషి మాటలు వరంగా పొందిన ముసలి మొసలి.

"ఏటే గుంటా, నడిసొచ్చిన కూడులాగున్నావు," అంది మొసలి ఆ పిల్లను ఎగాదిగా చూసి.

నూకాలు ఒక అడుగు వెనక్కి వేసింది. పారిపోతే ఇసుకబొమ్మల గతేమిటి? అక్కడే నిలబడి, చేతులు జోడించి విందు సంగతి చెప్పింది.

మొసలి దవడలు మూసింది. "నన్ను పిలిసినోళ్ళు ఎవుళ్ళూ నేరు. పిలిసినా ఏటి నాభం? పంక్తిలో నా పక్కన ఎవుళ్ళు కూకుంటారు?"

"నాను కూకుంటాను తాతా."

"బయ్యం నేదా?"

"ఉంది. అయినా కూకుంటాను."

మొసలి కళ్ళు చెమర్చాయి. మొసలి కన్నీళ్ళని మనం వెక్కిరిస్తాం గానీ ఇవి నిజమైనవే. అది నుదురు నేలకు ఆనించింది. నూకాలు బొట్టు పెట్టింది. ఆ సంతోషంలో ముసలిది తోకతో నీళ్ళు చరిచింది. నీళ్ళు ఎగిసి భరిణెను కొట్టాయి. కుంకుమంతా కాలవలో కలిసిపోయింది. మూతకు అంటుకుని ఒక్క చిటికెడు మిగిలింది.

బండి ఒడ్డుకు చేరింది. గాలిలో తేలే బొట్టు, కన్ను మూసుకునే ఉన్న ఎర్రముక్కు యక్షుడు, తడి తోకతో మొసలి దిగి పంక్తిలో కూర్చున్నారు. నూకాలు విస్తళ్ళు పరిచి, అలవాటుగా చివర సముద్రానిదీ వేసింది. పోటు అప్పటికే పొంగుతోంది. అలలు ఇసుకబొమ్మల పాదాలు తడుపుతున్నాయి.

భూతం పంక్తిని తేరిపార చూసింది. "పంక్తిలో ఒక్కరు తక్కువ," అంది.

నూకాలు నిలువునా నీరుగారిపోయింది. కుంకుమ లేదు, పొద్దు లేదు. భూతం ఆమె వంక జాలిగా చూసి, "పోనీ, కష్టపడ్డావు. ఆ మిగిలిన చిటికెడు ఒక బొమ్మ నుదుట పెట్టు. ఆ ఒక్కరూ బతుకుతారు. తీసుకుని వెళ్ళిపో," అంది.

నూకాలు పరుగున చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. బంగారి పాదాలు అప్పటికే కొంచెం కరిగాయి. కుంకుమ వేలు ఆ చిన్న నుదుటి దాకా వెళ్ళింది. పక్కనే తల్లి. ఆ వెనక చేతులు చాచి తండ్రి. ఆ చేతులు చూడగానే ఆ పిల్లకు తండ్రి కేక చెవిలో వినబడినట్టయింది. వేలు వెనక్కి తీసుకుంది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి.

"ఒక్కర్ని ఎక్కించుకుని మా బండి కదల్దు," అంది.

అప్పుడు పంక్తి వంక మళ్ళీ చూసింది. ముగ్గురూ కూర్చున్నారు. చివరి విస్తరి ఖాళీగా ఉంది. దాని ముందు భూతం నీళ్ళలో, దూరంగా, ఒంటరిగా నిలబడి ఉంది. నూకాలుకు విషయం తట్టింది. ఇన్నేళ్ళుగా సముద్రానికి విస్తరి వేశారు. రా, మాతో కూర్చో అని ఎవరూ అనలేదు. తనూ అనలేదు.

నడుము లోతు నీళ్ళలోకి నడిచివెళ్ళి చెయ్యెత్తింది. "తక్కువైనోడివి నువ్వే బాబూ. మామే పిలవనేదు. తప్పయిపోయింది. మా పంక్తికి రా."

కొండంత అల మెల్లగా వంగి వంగి ఆ పిల్ల ఎత్తుకు వచ్చింది. నూకాలు ఆఖరి చిటికెడు కుంకుమ దాని నుదుట దిద్దింది. ఆ ఎరుపు నీళ్ళలో కరగలేదు. అల మీదుగా పాకి, ఆకాశం అంచు దాకా సముద్రమంతా పరుచుకుంది. పోటు వెనక్కి తగ్గింది. వెనక నుంచి ఇసుక జలజలా రాలిన చప్పుడు, దాని వెంటే ఒక గొంతు వినబడింది.

"అప్పా, నాకు ఆకలేస్తంది," అని అక్కను పిలిచింది బంగారి.

ఇక ఆ విందు గురించి ఏమని చెప్పను. మొసలికి, భూతానికి మధ్య నూకాలు కూర్చుంది. మెతుకు మెతుకుకీ గుహరాక్షసుడు "ఇంకొంచెం, ఇంకొంచెం" అన్నాడు. ఘనకేతుడు తలపాగా తీసి, తన్నిన కాలు కడుక్కుని, స్వయంగా గరిటె పట్టి కడలిభూతానికి వడ్డించాడు. తర్వాత నూకాలుకు అర్ధరాజ్యం ఇస్తానన్నాడు.

"అంత రాజ్జెం నానేటి సేసుకుంటాను బాబూ? ఆ గోడ రాళ్ళు మా బండి దారికి పరిపించండి. పల్లాల్లో సక్రాలు దిగబడిపోతన్నాయి."

రాజు గోడ పడగొట్టించి దారి వేయించాడు. అంతటితో ఊరుకోక తీరమంతటికీ నూకాలునే ఏలికను చేశాడు. ఆనాటి నుంచి ప్రతి వేసవిలో రాజు తానే కాలినడకన ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి ఊరిని షికారుకు పిలిచేవాడు. కుంకుమలో మొదటి చిటికెడు మాత్రం నూకాలు చేతి మీదుగా సముద్రానికే.

ఆ పున్నమి సాయంత్రం యక్షుణ్ణి పొద్దు గుంకకముందే కొండ దగ్గర దింపాలి. దాలయ్య ఎడ్లను కట్టాడు. చోటు చాలక రాజు బండి వెనక గడ్డి మీద, మొసలి తోక పక్కన సర్దుకున్నాడు. దాలయ్య గొంతెత్తి, "అందరూ ఎక్కేరా?" అని కేకేశాడు. అందరూ పలికారు. అయినా బండి కదల్లేదు. ఎడ్లు చెవులు రిక్కించి సముద్రం వైపే చూస్తున్నాయి. అప్పుడొక చిన్న అల ఇసుక మీదుగా పరుగున వచ్చి, చక్రాలను తాకి, వెనక్కి మళ్ళింది. దాలయ్య నవ్వి పగ్గాలు అదిలించాడు. బండి ఊరి దారి పట్టింది, మన కథ ఒడ్డుకు చేరింది.